సాయంత్రం టీ మానేస్తే ఏం తాగాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

చలికాలం వచ్చిందంటే మన ఇళ్లలో టీల లెక్క తప్పుతుంది. పొద్దున తాగేవి ఎలాగూ ఉంటాయి. సాయంత్రం అయిదింటికి ఒకటి, ఎవరైనా వస్తే వాళ్లతోపాటు ఇంకొకటి, రాత్రి టీవీ ముందు కూర్చున్నాక "అర కప్పు చాల్లే" అంటూ మరొకటి. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో డిసెంబరు చలి చూసినవాళ్లెవరూ వేడివేడిగా తాగడం మానెయ్యమనరు. నేనూ అనను. పొద్దుగూకాక ఆ గ్లాసులో టీపొడి, పంచదార లేకుండా ఏం పోసుకోవచ్చు అన్నదే ఈ పూట మన కబురు.

ముందు కెఫీన్ సంగతి. మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనొసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి. కెఫీన్ దాని పనికి అడ్డుపడుతుంది. అలసట అలాగే ఉంటుంది, మనకు తెలియదంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే పెద్దవాళ్లకు సుమారు 5 గంటలు పడుతుంది. గర్భిణులకు ఇంకా చాలా ఎక్కువ సేపు. అంటే ఏడింటికి తాగిన కాఫీలో సగం, అర్ధరాత్రి మీరు పక్కమీద దొర్లుతున్నప్పుడు కూడా పని చేస్తూనే ఉంటుంది.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని, రోజు మొత్తానికి 300 దాటనివ్వొద్దని అందులో చెప్పారు. ఇంకో మాట కూడా ఉంది: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉందని మాత్రలు మింగుతూ, అన్నం తినగానే టీ తాగే ఆడవాళ్లు మన చుట్టూ ఎంతమంది!

"నేను గ్రీన్ టీయే తాగుతానండీ" అంటారు కొందరు. గ్రీన్ టీ కూడా తేయాకే, కెఫీన్ ఉంటుంది. కాశ్మీరీ కహ్వాలో వేసేదీ ఆ ఆకే. కోకోలోనూ కొంచెం ఉంది. పాకెట్ మీద హెర్బల్ అని ఉన్నా, వెనక చిన్న అక్షరాల్లో తేయాకు ఉందేమో చూసుకోండి.

ఇక పంచదార. పైనుంచి కలుపుకునే తీపి రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. చెంచాకు అయిదు గ్రాముల చొప్పున అయిదు చెంచాలు. కప్పుకు రెండు చెంచాలు వేసుకునేవారికి మూడో కప్పుతోనే ఆ హద్దు దాటిపోతుంది, బిస్కెట్లను ఇంకా లెక్కెయ్యలేదు. బెల్లం వేసుకుంటే పరవాలేదనేది మనవాళ్లకు గట్టి నమ్మకం. రుచికి బెల్లాన్ని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ అందులో చాలా భాగం పంచదారలో ఉన్న చక్కెరే. షుగరు పరీక్ష చేస్తే అది బెల్లమా పంచదారా అని రిపోర్టులో రాయరు. తేనె కూడా అంతే.

టీ మానేసినవాళ్లు మళ్లీ తియ్యటిదే ఇంకోటి వెతుక్కుంటారు. నాకది నచ్చదు. చలిలో గొంతుకు హాయిగా ఉండేవి వేడి, ఘాటు, కాస్త ఉప్పదనం. అవన్నీ మన వంటింట్లో చారు గిన్నెలోనే ఉన్నాయి. అన్నంలోకి పోసుకునే చారునే గ్లాసులో పోసుకుని తాగండి. అరచెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచండి. ఒక టమాటా చిదిమి, చింతపండు పేరుకు మాత్రం వేసి, రెండు గ్లాసుల నీళ్లతో పొయ్యి మీద పెట్టండి. దంచినది టమాటా మెత్తబడ్డాక వెయ్యాలి. పైన నురగ కట్టి, గిన్నె అంచుల్లో బుడగలు రాగానే దించెయ్యాలి. తెర్లకాగితే వాసన పోయి చేదు తిరుగుతుంది. కొత్తిమీర వేసి మూత పెట్టి రెండు నిమిషాలాగితే చాలు. పప్పు ఉడికించిన రోజైతే పైన తేరిన కట్టు ఒక గరిటె కలపండి, కడుపు కూడా నిండుతుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు తగ్గించి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుకోవాలి. పాకెట్ సూపులు దీనికి సాటి రావు. వాటిలో ఉప్పు ఎక్కువ, మొక్కజొన్న పిండి ఎక్కువ, చాలావాటిలో చక్కెర కూడా ఉంటుంది.

కాఫీ రంగు, ఆ చేదు వాసన లేకపోతే ప్రాణం ఒప్పుకోని వాళ్లకు శొంఠి, ధనియాల కాఫీ ఉంది. తమిళులు సుక్కు కాఫీ అంటారు. కొన్నిచోట్ల కాఫీపొడి కూడా వేస్తారు, మనకది వద్దు. నాలుగు చెంచాల ధనియాలను సన్నటి సెగ మీద వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. రంగు తిరిగి ఇల్లంతా వాసన వచ్చాక చెంచా జీలకర్ర, కాసిన్ని మిరియాలు వేసి దించాలి. శొంఠిని విడిగా రోట్లో నలగ్గొట్టాలి, పీచు ఉంటుంది కాబట్టి నేరుగా మిక్సీలో వేస్తే సరిగ్గా నలగదు. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులోని జింజెరాల్ అనే ఘాటు పదార్థం కొంత, అంతకంటే ఘాటైన షోగాల్‌గా మారుతుంది, ఆ ఘాటు పచ్చి అల్లానికి రాదు. అందుకే శొంఠి బొటనవేలి కణుపంత చాలు. వేయించినవీ నలగ్గొట్టిన శొంఠీ కలిపి పొడి చేసుకోండి. ఈ పొడి ఒక చెంచా వేసి, గ్లాసున్నర నీళ్లు గ్లాసు అయ్యేదాకా మరగాలి. వడకట్టి కాసిని పాలు పోసుకోండి. తీపి లేదే అనిపిస్తే పొడిలో చెంచా సోంపు కలపండి, నాలుకకు తీపి తగిలినట్టే ఉంటుంది. అతిమధురం ఇంకా తియ్యగా ఉంటుంది కానీ, రోజూ ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. అది అందరికీ కాదు.

పసుపు పాలకు ఇప్పుడు విదేశాల్లోనూ గిరాకీ ఉంది. వేడి పాలలో చిటికెడు పసుపుతోపాటు దంచిన మిరియాలు తప్పకుండా వెయ్యండి. మిరియంలోని పైపరిన్ వల్ల పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి బాగా పడుతుంది. అయితే చిటికెడు పసుపులో ఉండే కర్క్యుమిన్ చాలా తక్కువ. గొంతుకు హాయి కోసం తాగండి, రోగాలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

రాగి జావ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పిండిని చన్నీళ్లలో కలిపి మరిగే నీళ్లలో పోస్తే ఉండ కట్టదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఉప్పు, వాము వేసుకుని వేడిగా తాగొచ్చు. మజ్జిగ పోసేట్టయితే మాత్రం గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి, లేకపోతే విరుగుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పల్చటి జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెర పెంచుతుంది. అందుకే అది తాగిన రాత్రి అన్నమో చపాతీయో ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఎసిడిటీ ఉన్నవాళ్లు మిరియాలు, శొంఠి తగ్గించి జీలకర్ర నీళ్లతోనో నిమ్మగడ్డి నీళ్లతోనో సరిపెట్టుకోండి. రక్తం పల్చబడడానికి మందులు వాడేవాళ్లు రోజూ శొంఠి మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పట్టించకండి.

ఇన్నాళ్లూ రోజుకు నాలుగైదు టీలు తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు, చిరాకూ ఉంటుంది. ముందు రాత్రి కప్పు తీసెయ్యండి, వారం పోయాక సాయంత్రంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చారైనా కషాయమైనా పడుకునే ముందు పెద్ద గ్లాసు తాగితే, ఈ చలిలో అర్ధరాత్రి దుప్పటి వదిలి లేవాల్సింది మీరే.

నమస్కారం.