పత్తి సుంకం: అధికారంలో ఒక మాట, ప్రతిపక్షంలో ఒక మాట

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు గుంటూరు జిల్లా పత్తి రైతు, స్పిన్నింగ్ మిల్లు యజమాని, రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్.)

యాంకర్: రైతుగారూ, 2025 ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది. మీకు ఇబ్బంది ఎక్కడొచ్చింది?

రైతు: మొదట సెప్టెంబరు నెలాఖరు దాకే అన్నారండి. సర్లే, అప్పటికి మా చేలో కాయే పగలదు కదా అనుకున్నా. తీరా చూస్తే డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా తీతలన్నీ అప్పుడేగా! 2021 బడ్జెట్‌లో ఆ సుంకం వేసిందీ ఈ ప్రభుత్వమే. రైతు కోసమే అన్నారప్పుడు.

మిల్లు యజమాని: 2022లో పత్తి క్యాండీ, అంటే 356 కిలోల దూది, లక్ష రూపాయలు దాటింది, గుర్తుందా? నేను ఆ రేటుకి కొని నూలు ఎవరికి అమ్మాలి? అందుకే అప్పుడూ కొన్నాళ్లు తీసేశారు. 2025 ఆగస్టులోనేమో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. బట్టల ఆర్డర్లు ఆగితే తిరుప్పూరు వాళ్లు మా నూలు కొంటారా?

యాంకర్: మాస్టారూ, ఇది ఒక్క ప్రభుత్వం సంగతేనా?

లెక్చరర్: కాదమ్మా. ప్రపంచ వాణిజ్య ఒప్పందం కోసం వచ్చిన డంకెల్ ప్రతిపాదనల మీద, ప్రతిపక్షంలో ఉండగా బీజేపీ ఎంత గొడవ చేసిందో నాకు బాగా గుర్తు. 1994లో కాంగ్రెస్ ప్రభుత్వం మొరాకోలోని మర్రకేష్‌లో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 2001కి వచ్చేసరికి వందల వస్తువుల మీద దిగుమతి ఆంక్షలు ఎత్తేసింది వాజ్‌పేయి ప్రభుత్వం. ఆసియా-పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ చర్చల్లోకి 2012లో దిగింది కాంగ్రెస్ నడిపిన యూపీఏ. 2019లో అదే ఆర్‌సెప్‌ను కాంగ్రెస్ తప్పుబట్టింది. చివరికి అందులోంచి బయటికొచ్చింది మోదీ!

యాంకర్: అమెరికాలో?

లెక్చరర్: అక్కడ ఇంకా పెద్ద చక్రం. 1890లో మెకిన్లీ సుంకాలు, 1930లో స్మూట్-హాలీ సుంకాలు, రెండూ రిపబ్లికన్లవే. 1993కి తిరగబడింది. అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టాకు ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల కంటే రిపబ్లికన్ల ఓట్లే ఎక్కువ పడ్డాయి, సంతకం పెట్టింది మాత్రం డెమోక్రాట్ క్లింటన్. 2018లో ట్రంప్ ఉక్కు మీద 25 శాతం వేశాడు. డెమోక్రాట్ బైడెన్ వచ్చి, చైనా సరుకు మీద ట్రంప్ వేసిన సుంకాలు తీసేశాడా? లేదు. 2024లో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 100 శాతం చేశాడు.

రైతు: అంటే అక్కడా ఇంతేనన్నమాట.

(రైతు జేబులోంచి విచ్చిన పత్తికాయ తీసి బల్ల మీద పెట్టారు. మిల్లు యజమాని చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. చిన్న పోగు లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి సాగదీసి చూశారు.)

మిల్లు యజమాని: పింజ బాగుందండి. పొడవు పింజే. తేమ కూడా లేదు.

రైతు: బాగుందిగా? 2025-26కి పొడవు పింజ మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలన్నారు. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకి కొనే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) వాళ్లు వెనక్కి పంపుతున్నారు. మీరు తీసుకుంటారా ఆ రేటుకి?

మిల్లు యజమాని: (నవ్వు) మేం కొనేది గింజ తీసిన దూది బేళ్లండి. గింజ పత్తి సంగతి జిన్నింగ్ మిల్లు వాళ్లని అడగాలి.

రైతు: అడిగానండి. మిమ్మల్ని అడగమన్నారు.

యాంకర్: చిన్న బ్రేక్ తీసుకుందాం.