సెయింట్ హెలీనాలో బిషప్ ఎందుకు?

సభకు నమస్కారం.

సెయింట్ హెలీనా అనగానే మనకు గుర్తొచ్చేది నెపోలియన్. ఆయన ఆ దీవిలో ఉన్నది ఆరేళ్ళలోపే. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) బిషప్ పీఠం మాత్రం 1859లో ఏర్పడి ఇప్పటికీ నిలిచే ఉంది. దక్షిణ అట్లాంటిక్ నడుమ 122 చదరపు కిలోమీటర్ల నేల, ఐదు వేల లోపు జనం, మూడే మూడు పేరిష్‌లు, అంటే స్థానిక సంఘాలు. ఇంత చిన్న చోటికి బిషప్ అవసరమా అని ఎవరికైనా అనిపిస్తుంది.

బిషప్ లేకపోతే ఏవి ఆగిపోతాయో చూడండి. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి, ప్రభు భోజనం, ఇవన్నీ పాదిరి చేస్తాడు. బాప్తిస్మం పొందినవాళ్ళను విశ్వాసంలో స్థిరపరచే కన్ఫర్మేషన్ మాత్రం బిషప్ చేయి తల మీద పడితేనే. కొత్త పాదిరికి అభిషేకం చేసేదీ, గుడినీ సమాధుల తోటనూ ప్రతిష్ఠించేదీ బిషప్పే. ఈస్టిండియా కంపెనీ కాలంలో దీవిలో చాప్లిన్లు, అంటే కంపెనీ పాదిరులు ఉండేవారు, బిషప్ లేడు. కన్ఫర్మేషన్ అయినవారికే ప్రభు భోజనం ఇవ్వాలని ఆంగ్లికన్ల 1662 ప్రార్థన పుస్తకం చెబుతుంది. అయితే ‘అందుకు సిద్ధంగా ఉండి, కోరుకుంటున్నవారికి’ కూడా ఇవ్వవచ్చని అదే వాక్యంలో సడలింపు ఉంది. బిషప్ అందుబాటులో లేని సంఘాలను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. 1847లో కేప్‌టౌన్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడినప్పుడు ఈ దీవిని అందులో కలిపారు. రెండేళ్ళకు బిషప్ రాబర్ట్ గ్రే మూడు వేల కిలోమీటర్ల సముద్రం దాటి ఇక్కడికి వచ్చాడు. అంత దూరం నుంచి ఏటా రావడం అయ్యే పని కాదు. అందుకే 1859లో దీవిని వేరే డయాసిస్ చేశారు.

మొదటి బిషప్ పియర్స్ క్లాటన్ మూడేళ్ళుండి కొలంబోకు బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చిన థామస్ వెల్బీ 37 ఏళ్ళున్నాడు. చిన్న డయాసిస్‌కు ఇలా ఒకరు పాతుకుపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పటికీ తీరని చిక్కు పాదిరుల కొరత. బయటినుంచి వచ్చినవాళ్ళు గడువు తీరగానే వెళ్ళిపోతారు. మరొకరు దొరికేదాకా పేరిష్ ఖాళీ. ఉదయ, సాయంకాల ప్రార్థనలు శిక్షణ పొందిన విశ్వాసులు నడిపించగలరు గానీ రొట్టె, ద్రాక్షారసాలను ప్రతిష్ఠించే పని వాళ్ళది కాదు. అప్పుడు బిషప్పే పాదిరి అవుతాడు. దీవివాళ్ళలోంచే ఒకరిని తయారుచేసి అభిషేకించడమే దీనికి గట్టి మందు. ఇక ఆ బిషప్ వారసుణ్ణి దీవిలో ఎవరూ అభిషేకించలేరు. పాత నియమం ప్రకారం కనీసం ముగ్గురు బిషప్పులు చేతులుంచాలి. దీవి దక్షిణాఫ్రికా ఆంగ్లికన్ ప్రావిన్సులో, అంటే అక్కడి డయాసిస్‌ల కూటమిలో ఉండటానికి ఇదొక్కటే చాలినంత కారణం.

డయాసిస్‌లోనే అసెన్షన్ దీవి కూడా ఉంది. ట్రిస్టన్ డ కున్హా దీవి మాత్రం ఇప్పుడు కేప్‌టౌన్ డయాసిస్‌లో ఉంది. సెయింట్ హెలీనా నుంచి అసెన్షన్ 1,300 కిలోమీటర్లు. ట్రిస్టన్ దాదాపు 2,400. అక్కడి జనం మూడు వందల లోపే, విమానాశ్రయం లేదు. సెయింట్ హెలీనాకు 2017లో విమానం వచ్చింది గానీ, ట్రిస్టన్‌కు వెళ్ళే బిషప్ కేప్‌టౌన్‌లో ఓడెక్కి సుమారు వారం ప్రయాణించాల్సిందే. ఏడాదికి ఓడలే కొన్ని. రేవు చిన్నది, అల లేస్తే ఊరు కళ్ళెదుట కనిపిస్తున్నా దిగడానికి వీలుండదు. కన్ఫర్మేషన్‌కు తయారైన పిల్లలు ఒడ్డున ఎదురుచూస్తుంటారు.

అన్నిటికన్నా ముఖ్యమని నేననుకునేది పౌరసత్వం సంగతి. ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్ళకున్న హక్కులే దీవివాళ్ళకూ ఉంటాయని 1673లో రెండో చార్లెస్ రాజు శాసనమిచ్చాడు. 1962 నుంచి కుదించుకుపోతూ వచ్చిన ఆ హక్కును 1981 పౌరసత్వ చట్టం పూర్తిగా తుడిచేసింది. ఫాక్లండ్ వాసులకు 1983లో తిరిగిచ్చారు, వీళ్ళకు ఇవ్వలేదు. ఎవరు అడగాలి? గవర్నర్ లండన్ పంపిన అధికారి. బిషప్‌కు జీతమిచ్చేదీ, నియమించేదీ లండన్ ప్రభుత్వం కాదు. పైగా డయాసిస్ సినడ్‌లో, అంటే దాని పాలక సభలో, దీవి జనమే కూర్చుంటారు. 1992లో బిషప్ జాన్ రస్టన్ కాలంలో పౌరసత్వం మీద ఒక కమిషన్ ఏర్పడింది. శాసనాన్ని ఆధారంగా పట్టుకుని పదేళ్ళు పార్లమెంటును వదలకుండా అడిగింది. పోర్చుగీసు నావికులు దీవిని చూశారని చెప్పే రోజుకు సరిగ్గా 500 ఏళ్ళు నిండిన 2002 మే 21న, దీవివాళ్ళు మళ్ళీ పూర్తి బ్రిటిష్ పౌరులయ్యారు.