పాత లిథియం బ్యాటరీ మరలో పడ్డాక

[దృశ్యం: నల్ల బల్ల మీద కోసి విప్పిన సెల్. కెమెరా బాగా దగ్గరగా.]

వ్యాఖ్యానం:
ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉండే సెల్ ఇది. వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. పూర్తిగా డిశ్చార్జి చేసి, ప్రయోగశాలలో రక్షణ పెట్టె లోపల కోసినది. ఇంట్లో ఎవరూ ఈ పనికి పూనుకోవద్దు.

చుట్ట విప్పితే రెండు పొడవాటి రేకులు. ఒకటి రాగి రేకు, దానిపై గ్రాఫైట్ పూత. రెండోది అల్యూమినియం, దానిపై లిథియం, నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్ పూత. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర. రాగి రేకు మందం మిల్లీమీటరులో సుమారు నూరో వంతు.

[దృశ్యం: పట్టకారు అంచు రాగి రేకును గీకుతుంది; నల్ల పొడి రాలుతుంది. తర్వాత అల్యూమినియం రేకు.]

చూడండి, గ్రాఫైట్ ఇట్టే రాలిపోయింది. అల్యూమినియం మీది పూత మాత్రం పట్టు వదలడం లేదు. దాన్ని పట్టి ఉంచిన జిగురు పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ప్లాస్టిక్, మహా మొండిది. ఖరీదైన సరుకంతా ఆ మొండి పూతలోనే ఉంది.

[తెరపై అంకెలు: 400 కిలోల కారు బ్యాటరీ. అల్యూమినియం 126, గ్రాఫైట్ 71, నికెల్ 41, రాగి 22, మాంగనీస్ 12, కోబాల్ట్ 9, లిథియం 8 కిలోలు.]

ఇవి ఫోక్స్‌వాగన్ కార్ల కంపెనీ చెప్పిన లెక్కలు. పేరు లిథియం బ్యాటరీయే గానీ, 400 కిలోల్లో లిథియం 8 కిలోలే. 2021 జనవరిలో ఆ కంపెనీ జర్మనీలోని జాల్జ్‌గిట్టర్‌లో పాత బ్యాటరీల కోసం ఓ ప్రయోగాత్మక కర్మాగారం తెరిచింది. ఏడాదికి 3,600 బ్యాటరీ ప్యాక్‌ల దాకా, అంటే దాదాపు 1,500 టన్నులు అందులో విడగొట్టవచ్చు. కొలిమి లేదు, కరిగించడం లేదు. నరకడం, ఆరబెట్టడం, జల్లించడం, అంతే. వినడానికి ఇంత తేలిక పని మరొకటి ఉండదనిపిస్తుంది.

[దృశ్యం: బ్యాటరీ ప్యాక్‌కు లావాటి తీగలు కలుపుతున్న చేతి తొడుగులు.]

మొదట మిగిలిన చార్జి తీసేయాలి. చిన్న సెల్స్‌ను ఉప్పునీళ్లలో నానబెట్టే పద్ధతి ఉంది గానీ, అది లోహపు కొసలను తినేస్తుంది. కారు ప్యాక్‌లో 400 వోల్టులు, కొన్నింటిలో 800 వోల్టులు ఉంటాయి కాబట్టి వాటిని తీగలతో కలిపి ఆ విద్యుత్తును బయటికి లాగేస్తారు. తర్వాత ప్యాక్ మూత విప్పి మాడ్యూళ్లు, అంటే సెల్స్‌ను గుంపులుగా బిగించిన పెట్టెలు తీస్తారు. ఈ పని ఇప్పటికీ చాలావరకు మనుషుల చేతుల మీదే నడుస్తోంది. ఏ కంపెనీ స్క్రూలు ఎక్కడ బిగించిందో, ఎక్కడ జిగురు పోసిందో ముందుగా తెలియదు మరి.

[దృశ్యం: గాలి చొరబడని గది, లోపల తిరుగుతున్న ఉక్కు పళ్లు.]

ఇక నరకడం. చార్జి ఎంత తీసినా కొంత మిగులుతుంది. పళ్ల మధ్య రేకులు నలిగిన క్షణంలో షార్టయి నిప్పురవ్వలు లేస్తాయి. సెల్ లోపలి ద్రావకాల ఆవిరి గది ఉష్ణోగ్రతలోనే అంటుకోగలదు. అందుకే ఈ గదిలో ఆక్సిజన్ ఉండనివ్వరు, నైట్రోజన్ నింపుతారు. కొన్ని కంపెనీలు ద్రవంలో ముంచి నరుకుతాయి. ఈ జాగ్రత్తలన్నీ అతి అనిపిస్తే 2024 అక్టోబరు 30న అమెరికాలోని ఫ్రెడరిక్‌టౌన్‌లో బ్యాటరీ రీసైక్లింగ్ కర్మాగారం తగలబడిన దృశ్యాలు చూడండి.

మంట ఒక్కటే భయం కాదు. ద్రావకంలో కరిగి ఉన్న లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణానికి తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది గాజును తినేస్తుంది. చర్మం గుండా లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. జర్మనీలోనే డ్యూసెన్‌ఫెల్డ్ అనే కంపెనీ దీనికి మంచి ఉపాయం వేసింది. నరికిన ముక్కలను పీడనం తగ్గించిన గదిలో ఆరబెడుతుంది. పీడనం తగ్గితే ద్రావకాలు తక్కువ వేడికే ఆవిరవుతాయి. లవణం విచ్ఛిన్నమయ్యేంత వేడి పెట్టనక్కర్లేదు. ఆ ఆవిరిని చల్లబరిచి ద్రావకాన్ని కూడా తిరిగి పట్టుకుంటారు.

[దృశ్యం: వంకర టింకర గొట్టంలో పైకి ఎగిరే రేకు ముక్కలు, కిందికి జారే లోహపు తునకలు.]

ఎండిన ముక్కల్లోంచి అయస్కాంతం ఉక్కును ఏరేస్తుంది. మిగిలినది వంపులు తిరిగిన నిలువు గొట్టంలోకి వెళ్తుంది. కింది నుంచి గాలి కొడుతుంది. పెట్టె తునకలు, బరువైన ముక్కలు కిందికి. పలుచని రేకులు, ప్లాస్టిక్ పొర పైకి. కళ్లంలో తూర్పారబట్టడం చూసినవారికి ఈ యంత్రం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రేకులను మళ్లీ నరికి, జల్లెడ పడతారు. సాధారణంగా అర మిల్లీమీటరు కన్నాలు. కిందికి దిగేదే బ్లాక్ మాస్. గ్రాఫైటు, ఖరీదైన ఆక్సైడూ కలిసిన నల్ల పొడి.

నన్నడిగితే ఈ పరిశ్రమ పనితనమంతా ఈ జల్లెడ దగ్గరే తేలుతుంది. రేకులను పెద్ద ముక్కలుగా వదిలేస్తే పూత వాటికే అంటుకుని జల్లెడ పైనే ఉండిపోతుంది. కోబాల్ట్, నికెల్ అల్యూమినియం తుక్కులో కలిసి పోతాయి. పోనీ, సన్నగా నూరుదామంటే రాగి, అల్యూమినియం కూడా నలిగి పొడిలోకి దిగుతాయి. అలా దిగిన అల్యూమినియం తర్వాతి దశలో సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పడితే హైడ్రోజన్ వాయువు లేస్తుంది. అదో కొత్త ప్రమాదం. పైగా ఆమ్లం ఖర్చు పెరుగుతుంది. ముందే 500 డిగ్రీల దాకా వేడిచేసి జిగురును మాడ్చేసేవారూ ఉన్నారు. 660 డిగ్రీలకు అల్యూమినియమే కరుగుతుంది కాబట్టి అక్కడా కొలిమిని అదుపులో పెట్టుకోవాలి.

[దృశ్యం: గాజు పాత్రల్లో ఆకుపచ్చ, గులాబీ రంగు ద్రావణాలు.]

యంత్రాల పని ఇక్కడితో సరి. పొడిలోంచి లోహాలను వేరు చేయడం రసాయన శాస్త్రం పని. ఆ పనికి మన హైదరాబాద్‌లోనే సాంకేతికత తయారైంది. చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఏర్పాటైన ఈ-వ్యర్థాల కేంద్రం రకరకాల పాత లిథియం బ్యాటరీల నుంచి లిథియం, కోబాల్ట్, మాంగనీస్, నికెల్‌లలో 95 శాతానికి పైగా రాబట్టే పద్ధతిని రూపొందించింది. కేంద్ర, తెలంగాణ ప్రభుత్వాలు, గ్రీన్‌కో అనే ఇంధన కంపెనీ కలిసి డబ్బు పెట్టాయి. 2023లో దాన్ని 9 కంపెనీలకు అందించారు.

మరి చిక్కెక్కడ? బ్యాటరీ రకం దగ్గర. విద్యుత్ బస్సుల్లో, ఆటోల్లో ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ బాగా వాడుకలో ఉంది. అందులో నికెల్ లేదు, కోబాల్ట్ లేదు. ఉన్నవి ఇనుము, ఫాస్ఫేట్, కాస్త లిథియం. దాన్ని నరికే ఖర్చేమీ తగ్గదు, వచ్చే పొడి ధర మాత్రం పడిపోతుంది. రెండు రకాలూ ఒకే మరలో పడితే మంచి పొడీ చెడుతుంది. మరకు రకం తెలియదు కదా!

2022 ఆగస్టులో వచ్చిన మన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తిరిగి రాబట్టిన సరుకును బ్యాటరీ బరువులో శాతంగా కొలుస్తాయి. విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో, చిన్న పోర్టబుల్ బ్యాటరీల్లో 2026-27 నుంచి 90 శాతం రావాలి. ఆ లెక్కలో కిలో అల్యూమినియానికీ కిలో కోబాల్ట్‌కూ ఒకే మార్కు. యూరప్ మొత్తం బరువుతో పాటు కొన్ని లోహాలకు విడివిడిగా కూడా లక్ష్యం పెట్టింది: 2027 చివరికి కోబాల్ట్, నికెల్, రాగి 90 శాతం, లిథియం 50 శాతం. నాకైతే ఆ పద్ధతే నచ్చింది.

[దృశ్యం: పాత ఫోను బ్యాటరీ కొసలపై టేపు అతికిస్తున్న చేయి.]

ఇంట్లో పాత బ్యాటరీ ఉంటే కొసలకు టేపు అంటించి, తాళాలూ నాణేలూ తగలకుండా విడిగా ఉంచండి. చెత్త బండిలో వేయవద్దు. లారీలో నలిగితే అక్కడే అంటుకుంటుంది. నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారుదే కాబట్టి కొన్న దుకాణంలోనో, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో అడగండి. బ్యాటరీ ఉబ్బితే పొడవకండి, నొక్కకండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి.