మెయిల్.డాట్ రివ్యూ: లక్షల కవర్ల లెక్క ఈ ఫైళ్లలోనే

అందరికీ నమస్కారం. బెంగళూరులో కూర్చుని అమెరికా బ్యాంకులకి, ఇన్సూరెన్స్ కంపెనీలకి ప్రింట్-మెయిల్ ప్రాజెక్టులు చేస్తున్న మనవాళ్ల కోసం ఈ వీడియో. ఇవాళ చూసేది మెయిల్.డాట్. ఏ కవరు ఏ ట్రేలో ఉంది, ఆ ట్రే ఏ ప్యాలెట్ (ట్రేలు పేర్చే చెక్క పలక) ఎక్కింది, పోస్టేజీ ఎంత అన్నది అమెరికా తపాలా శాఖ యూఎస్‌పీఎస్‌కి చెప్పే ఫార్మాట్ ఇది. దీన్ని రూపొందించింది తపాలా శాఖ కాదు. ఐడియలయన్స్ సంస్థ ద్వారా ప్రింటింగ్, మెయిలింగ్ పరిశ్రమే చేసుకుంది.

చూడ్డానికి పాతకాలం సరుకే. ఒక్క ఫైల్ కాదు, ఒకదానితో ఒకటి ముడిపడ్డ ఫైళ్ల కట్ట. కామాలుండవు, ప్రతి ఫీల్డుకీ పొజిషన్ ఫిక్స్. లైన్ మొదట్లో 8 అక్షరాల జాబ్ ఐడీ, చివర # గుర్తు. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే తప్పు దొరికిపోతుంది. ఏ ఫైల్లో ఎన్ని రికార్డులున్నాయో హెచ్‌డీఆర్, అంటే హెడర్ ఫైల్లో రాసి ఉంటుంది. ఒక్క లైన్ తేడా వచ్చినా వ్యాలిడేషన్ దగ్గరే ఆగుతుంది.

కొత్తవాళ్లు ముందు సీఎస్‌ఎం (కంటైనర్ సమ్మరీ), సీక్యూటీ (కంటైనర్ క్వాంటిటీ) అనే రెండు ఫైళ్లు పట్టుకోండి. సీఎస్‌ఎంలో ట్రేకి, సంచికి, ప్యాలెట్‌కి ఒక్కో రికార్డు. ట్రే రికార్డులోనే అది ఎక్కిన ప్యాలెట్ రిఫరెన్స్ కూడా ఉంటుంది. ఆ ట్రేలో ఏ జిప్‌కి (అమెరికా పిన్‌కోడ్), ఏ రేటుకి ఎన్ని కవర్లో సీక్యూటీ చెబుతుంది. విడివిడి కవర్ల బార్‌కోడ్లు పీడీఆర్ (పీస్ డీటెయిల్) ఫైల్లోనో పీబీసీ (పీస్ బార్‌కోడ్) ఫైల్లోనో ఇవ్వాలి, రెండిట్లో ఒకటే. ఇన్సర్టర్‌లో (కాగితాలు కవర్లలో పెట్టే మెషీన్) కవరు చిరిగిందని నోట్‌ప్యాడ్‌లో ఆ లైన్ చెరిపేశారా, అటు హెచ్‌డీఆర్ లెక్కా ఇటు సీక్యూటీ లెక్కా రెండూ తప్పుతాయి. అలాంటి వాటికి వేస్టేజ్ గుర్తు పెట్టే ఫీల్డ్ విడిగా ఉంది.

అసలు దెబ్బ తగిలేది బార్‌కోడ్ దగ్గర. కవరు మీద వేసే ఐఎంబీలో (ఇంటెలిజెంట్ మెయిల్ బార్‌కోడ్) 31 అంకెల వరకు ఉంటాయి: బార్‌కోడ్ ఐడీకి 2, సర్వీస్ టైప్‌కి 3, మెయిలర్ ఐడీ (పంపేవాళ్లకి యూఎస్‌పీఎస్ ఇచ్చే నంబరు), సీరియల్ రెండూ కలిపి 15, జిప్ రూటింగ్‌కి 11. మెయిలర్ ఐడీ 9 అంకెలదైతే సీరియల్‌కి మిగిలేది 6, అంటే 10 లక్షల నంబర్లు. ప్రతి కవరుకీ వేరే బార్‌కోడ్ ఉండాల్సిన ఫుల్ సర్వీస్ పద్ధతిలో అదే నంబరు 45 రోజులు మళ్లీ రాకూడదు. రోజుకి 5 లక్షల కవర్లు పంపే క్లయింటుకి రెండ్రోజుల్లో నంబర్లు అయిపోతాయి! 6 అంకెల ఐడీ అడగాలి, లేదంటే 9 అంకెలవి ఇంకొన్ని తీసుకోవాలి. ఈ లెక్క డిజైన్ రోజే వేయండి.

ఇంకోటి, ఈ ఫైళ్లని దయచేసి ఎక్సెల్‌లో తెరవకండి. 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి, బార్‌కోడ్ మొత్తం పోయినట్టే. మొదట్లో ఉన్న సున్నాని కూడా అది తీసేస్తుంది. మన పిన్‌కోడ్ సున్నాతో మొదలవదు, బెంగళూరు జీపీఓ 560001. అందుకే ఈ ప్రమాదం మనకి తట్టదు. బోస్టన్ 02108 మాత్రం 2108 అయి కూర్చుంటుంది.

మెయిల్.ఎక్స్‌ఎంఎల్ సంగతి అంటారా? అది ఇలాంటి సమాచారాన్నే వెబ్ సర్వీస్ మెసేజ్‌లుగా పంపే పద్ధతి. యూఎస్‌పీఎస్ ఫాస్ట్ సిస్టంలో మెయిల్ దించే ట్రక్కుకి అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి చక్కగా ఉంటుంది. లక్షల కవర్ల వివరాలకి మాత్రం ట్యాగులతోనే ఫైల్ ఉబ్బిపోతుంది.

స్పెసిఫికేషన్ వెర్షన్ మారితే ఫీల్డ్ పొజిషన్లు జరగొచ్చు. హెచ్‌డీఆర్‌లో వెర్షన్ నంబరు మార్చి, కోడ్‌లో పాత పొజిషన్లు వదిలేస్తే ఒక ఫీల్డ్ విలువ పక్క ఫీల్డ్‌లో పడుతుంది. ముందు ఒక ప్యాలెట్, రెండు ట్రేలతో చిన్న జాబ్ చేసి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌కి పంపండి. వచ్చిన పోస్టేజీ స్టేట్‌మెంట్‌ని మీరు చేత్తో వేసిన లెక్కతో పైసా పైసా సరిచూశాకే ప్రొడక్షన్‌కి వెళ్లండి.