మేనేజ్‌మెంట్ గేమ్ రివ్యూ: ఆ ఇంటర్వ్యూ స్క్రీన్ దగ్గరే ఆగిపోయాను

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ గేమ్ కోడ్ కంపెనీవాళ్లే ఉచితంగా పంపారు. గ్రాఫిక్స్, లైసెన్సులు, ఎన్ని లీగులు ఉన్నాయి, ఇవన్నీ మీరు ఈపాటికే చూసి ఉంటారు. మ్యాచ్ ఇంజిన్, అంటే మ్యాచ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, బాగుంది. పోయినసారి కంటే డిఫెండర్లు తెలివిగా కదులుతున్నారు. దాని గురించి ఇంతే.

నేను మాట్లాడాల్సింది ఉద్యోగం ఇంటర్వ్యూ స్క్రీన్ గురించి. పాత వెర్షన్‌లో ఇది లేదు, నేరుగా ఆఫర్ వచ్చేది. నన్ను వరుసగా మూడు క్లబ్బులు తీసేసినా నాలుగోది పిలిచింది. ఇప్పుడు ఛైర్మన్ ప్రశ్నలు అడుగుతాడు, వినయంగానో ధీమాగానో జవాబు ఎంచుకోవాలి. ఒకే కెరీర్, ఒకే కోచింగ్ లైసెన్సులతో ఇద్దరు మాజీ ఆటగాళ్లను తయారుచేశాను. ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి. ఇద్దరితోనూ ధీమాగానే మాట్లాడించాను. ఇద్దరికీ ఉద్యోగం వచ్చింది. బయట అంత తేలిగ్గా జరగదు.

వెంటనే నాకు సోల్ క్యాంప్‌బెల్ గుర్తొచ్చాడు. ఇంగ్లండ్‌కి 73 మ్యాచ్‌లు ఆడిన నల్లజాతి డిఫెండర్, తర్వాత మేనేజర్ ఉద్యోగం కోసం చూశాడు. ఫుట్‌బాల్‌లో ఉన్న గొప్ప బుర్రల్లో తనదీ ఒకటని, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదని 2018లో అన్నాడు. పొగరన్నారు. కింది నుంచి మొదలుపెట్టమన్నారు. అదే ఏడాది నవంబర్‌లో మాక్లెస్‌ఫీల్డ్‌కి మేనేజర్‌గా వెళ్లాడు. ఇంగ్లండ్ నాలుగో డివిజన్‌లో అట్టడుగున ఉన్న టీమ్ అది. సీజన్ చివరికి దాన్ని డివిజన్‌లో నిలబెట్టాడు. అంతకంటే కింద ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

తెల్లజాతి మాజీ ఆటగాడు గ్యారీ నెవిల్ 2015లో నేరుగా స్పెయిన్ క్లబ్ వలెన్సియా మేనేజర్ అయ్యాడు. అంతకుముందు ఒక్క క్లబ్‌కీ మేనేజర్‌గా చేయలేదు. ఇంకో తెల్లజాతి మాజీ ఆటగాడు లాంపార్డ్ రెండో డివిజన్‌లోని డార్బీలో ఒకే సీజన్ చేసి 2019లో చెల్సీకి వెళ్లాడు. వాళ్లను తప్పుపట్టను, పిలిస్తే ఎవరైనా వెళ్తారు. నన్ను బాధపెట్టేది పిలుపు రాని వాళ్ల సంగతి.

క్యాంప్‌బెల్ నోటి దురుసే అడ్డం అనుకుందాం. మరి క్రిస్ హ్యూటన్? అతనూ నల్లజాతివాడే, మెత్తగా మాట్లాడే మనిషి. 2010లో న్యూకాజిల్‌ని ఇంగ్లండ్ టాప్ డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి తెచ్చాడు. టీమ్ టేబుల్ మధ్యలో ఉండగానే డిసెంబర్‌లో తీసేశారు. పాల్ ఇన్స్ అయితే కింది మెట్లన్నీ ఎక్కాడు. మాక్లెస్‌ఫీల్డ్, తర్వాత ఎంకే డాన్స్‌తో 2008లో నాలుగో డివిజన్ టైటిల్. అదే ఏడాది బ్లాక్‌బర్న్‌లో ప్రీమియర్ లీగ్ మేనేజర్ అయిన తొలి నల్లజాతి ఇంగ్లిష్‌మన్ అయ్యాడు. 17 లీగ్ మ్యాచ్‌లకే ఇంటికి పంపారు. ప్రీమియర్ లీగ్‌లో రెండో అవకాశం రాలేదు. వినయం చూసే ఉద్యోగాలిస్తే వీళ్లిద్దరి కథా ఇలా ఉండకూడదు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2003లోనే రూనీ రూల్ తెచ్చింది. హెడ్ కోచ్ పోస్టుకి మైనారిటీ వర్గాల నుంచి కనీసం ఒకరినైనా ఇంటర్వ్యూ చేయాలని. పేరు ఇంగ్లండ్ ఆటగాడు వేన్ రూనీది కాదు, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ టీమ్ అప్పటి యజమాని డాన్ రూనీది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ కూడా 2018లో తన జాతీయ జట్ల పోస్టులకి అలాంటిదే ప్రకటించింది. ఈ గేమ్‌లో ఆ ఊసే లేదు. షార్ట్‌లిస్ట్‌లో ఎవరున్నారో చూపించదు, ఎవర్ని ఎందుకు వద్దన్నారో చెప్పదు.

పిచ్ తడిస్తే బంతి ఎంత జారుతుందో లెక్కగట్టిన వాళ్లు ఉద్యోగాల్లో ఈ వివక్షని వదిలేశారంటే నాకు కోపంగానే ఉంది. మ్యాచ్‌ల కోసం నేను ఆడతాను. కానీ ఈ స్క్రీన్ మార్చేదాకా డబ్బు పెట్టి కొనమని మీకు చెప్పను.