సునామీ హెచ్చరిక మా ఊరి దాకా వస్తుందా? తీరం నుంచి ఫోన్-ఇన్ ప్రశ్నలు

యాంకర్: నమస్తే అండీ, ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఈ రోజు సునామీ గురించి మాట్లాడుకుందాం. సముద్ర శాస్త్రంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మనతో ఉన్నారు. పేరు, పరిచయం ఏమీ వద్దు, నేరుగా కాల్స్ తీసుకుందాం అన్నారు. అలాగే చేద్దాం. హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: ఉప్పాడ నుంచి మేడం. వేటకెళ్తుంటాను. సార్, అండమాన్ దగ్గర భూమి కంపించిందని ఫోన్లో వార్త కనపడితే చాలు, మా వాట్సాప్ గ్రూపులో "సునామీ వస్తోంది, పిల్లల్ని తీసుకుని పారిపోండి" అని మెసేజ్‌లు మొదలైపోతాయి. మా అమ్మకి అది విన్నాక ఆ రాత్రి నిద్ర ఉండదు. నమ్మాలా వద్దా?

నిపుణుడు: ఆ మెసేజ్‌ని నమ్మక్కర్లేదు తమ్ముడూ. అండమాన్-సుమత్రా వరుసలో భూమి కంపిస్తూనే ఉంటుంది, 5 అనీ 5.5 అనీ వార్తలు వస్తూనే ఉంటాయి, వాటితో సునామీ రాదు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మన దేశ సునామీ హెచ్చరిక కేంద్రం అదే. హిందూ మహాసముద్రంలో 6.5 దాటిన భూకంపం వస్తేనే వాళ్లు సునామీ బులెటిన్ ఇస్తారు. అయినా తీవ్రత ఒక్కటే చూస్తే సరిపోదు. సముద్రం అడుగున, తక్కువ లోతులో, నేల పైకో కిందకో ఒక్కసారిగా జరగాలి, అప్పుడే దాని మీదున్న నీళ్లన్నీ కదులుతాయి. 2012 ఏప్రిల్ 11 గుర్తుందా, మధ్యాహ్నం 2 దాటాక సుమత్రా దగ్గర 8.6 వచ్చింది?

కాలర్: గుర్తుంది సార్, ఊరంతా రోడ్డెక్కాం.

నిపుణుడు: చెన్నైలో బీచ్‌లు కూడా ఖాళీ చేయించారు. సాయంత్రం ఇంకో 8.2 వచ్చింది. అంత పెద్దవి రెండు వచ్చినా చిన్న అలలతోనే పోయింది, ఎందుకంటే అక్కడ నేల పక్కకి జరిగింది, పైకి లేవలేదు. ఇన్‌కాయిస్ మొదటి బులెటిన్ 8 నిమిషాల్లో ఇచ్చింది. కాబట్టి మెసేజ్ వస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ ఉంది, 'సముద్ర' అని వాళ్లదే మొబైల్ యాప్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'సచేత్' యాప్ కూడా వేసుకోండి. మీ గ్రూపులో ఎవరైనా ఆ మెసేజ్ పెడితే "బులెటిన్ ఏది?" అని అడగండి, సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి.

యాంకర్: తర్వాతి కాల్, బందరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మాది బందరు పక్కన పల్లెటూరు. 2004లో మంగినపూడి బీచ్‌లో పౌర్ణమి స్నానాలకి వెళ్లినవాళ్లు కొట్టుకుపోయారు కదండీ, మా వీధిలో వాళ్లు కూడా వెళ్లి, బతికి వచ్చారు. ఇప్పటికీ కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ జనం వెళ్తూనే ఉన్నారు. మా ఆయన ఏమో "ఏం కాదులే" అంటారు. నాకేమో భయం. ఆ రోజు ముందే చెప్పే వీలు అసలు లేదాండీ?

నిపుణుడు: ఉందమ్మా. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. డిసెంబర్ 26, ఆదివారం, మన టైం ప్రకారం పొద్దున 6 గంటల 29 నిమిషాలకి సుమత్రా దగ్గర భూమి కంపించింది, 9.1 తీవ్రత. ఆంధ్రా తీరాన్ని అల తాకేసరికి ఇంచుమించు 9 అయింది. అంటే రెండు, రెండున్నర గంటల టైం మన చేతిలో ఉంది. హవాయిలో పసిఫిక్ సునామీ కేంద్రం వాళ్లు పావుగంటలోనే భూకంపం గురించి బులెటిన్ ఇచ్చారు, కానీ తీవ్రతని మొదట 8 అనుకున్నారు, పైగా వాళ్ల హెచ్చరికలన్నీ పసిఫిక్ దేశాలకే. హిందూ మహాసముద్రానికి అప్పుడు వ్యవస్థే లేదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలియని పరిస్థితి. మనవైపు ఆ టైంలో జనం స్నానాలు చేస్తున్నారు, పిల్లలు తీరంలో క్రికెట్ ఆడుతున్నారు. అన్ని దేశాల్లో కలిపి 2 లక్షల 20 వేల మందికి పైగా పోయారు, మన దేశంలో నాగపట్నం ఎక్కువ దెబ్బతింది, మన ఆంధ్రాలో వంద మందికి పైగా.

కాలర్: ఇప్పుడైతే చెప్తారాండీ?

నిపుణుడు: చెప్తారు. 2007 అక్టోబర్ నుంచి హైదరాబాద్ కేంద్రం 24 గంటలూ నడుస్తోంది. సముద్రం అడుగున ఒత్తిడి కొలిచే పరికరాలు పెట్టారు, పైన నీటి మట్టం ఒక సెంటీమీటరు మారినా పట్టేస్తాయి, దాని మీద తేలే బోయా నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కి సమాచారం వస్తుంది. రేవుల్లో నీటి మట్టం కొలిచే గేజ్‌లూ ఉన్నాయి. భూకంపం చూసి వచ్చే మొదటి బులెటిన్‌కి పది నిమిషాలు చాలు, సునామీ నిజంగా పుట్టిందా లేదా అనేది ఆ పరికరాలు చెప్తాయి. మనకి ఆ మాత్రం టైం ఉంది కాబట్టి వాటి కోసం ఆగుతారు, అనవసరంగా జనాన్ని పరిగెత్తించరు.

అమ్మా, మీ ఆయనకి ఈ ఒక్క మాట చెప్పండి. సుమత్రా మనకి చాలా దూరం. అక్కడ పెద్ద భూకంపం వచ్చినా బందరులో ఫ్యాన్ కొంచెం ఊగితే ఊగుతుంది, స్నానం చేసేవాళ్లకి అసలు తెలియకపోవచ్చు. సముద్రం వెనక్కి వెళ్తే తెలుస్తుందిలే అనుకుంటారు, అది కూడా అన్నిసార్లూ జరగదు, కొన్నిచోట్ల మొదట నీళ్లు పెరిగే వస్తాయి. అందుకే మన తీరానికి హెచ్చరిక చాలా ముఖ్యం, మన ఒంటికి ఏ సూచనా అందదు కాబట్టి. పౌర్ణమికి వెళ్లండి, పరవాలేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచీలో పడేయకుండా గట్టు మీద ఒకరి చేతిలో ఉంచండి. బీచ్ ఖాళీ చేయమని పోలీసులో, మెరైన్ వాళ్లో విజిల్ వేస్తే ఎందుకని వాదించకుండా బయల్దేరండి.

కాలర్: ఎటు వెళ్లాలండీ, మాకు కొండా గుట్టా ఏమీ లేవు?

నిపుణుడు: మంచి ప్రశ్న అడిగారు. కృష్ణా డెల్టా అంతా చదును. కాబట్టి లోపలికి, రెండు మూడు కిలోమీటర్లు. టైం లేకపోతే గట్టి కాంక్రీటు బిల్డింగ్ రెండో అంతస్తు, మూడో అంతస్తు, మీ ఊరి తుఫాను షెల్టర్ అయినా సరే. ఉప్పుటేరు పక్కనున్న రోడ్డు మాత్రం పట్టుకోవద్దు, నీళ్లు ముందు ఏరు పట్టుకునే లోపలికి దూసుకొస్తాయి. ఇంకోటి, మొదటి అల వెళ్లిపోయాక సామాన్లు చూసుకుందామని వెనక్కి రావొద్దు. సునామీ అంటే ఒక్క అల కాదు, పావుగంటకో, అరగంటకో, గంటకో ఇంకోటి వస్తుంది, రెండోదో మూడోదో మొదటిదానికంటే పెద్దది కావచ్చు. హెచ్చరిక రద్దు చేశామని అధికారికంగా చెప్పేదాకా అక్కడే ఉండండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే సార్, మెకనైజ్డ్ బోటు మీద సరంగుని. మేం పది పన్నెండు రోజులు లోపలే ఉంటాం. సునామీ అని కబురొస్తే హార్బర్‌కి వచ్చేయాలా?

నిపుణుడు: రావద్దు, రావద్దు. ఒడ్డున ఉన్నవాళ్లు లోపలికి పరిగెత్తాలి, సముద్రంలో ఉన్నవాళ్లు ఇంకా లోతుకి పోవాలి. వినడానికి తిక్కగా ఉంటుంది కానీ లెక్క అదే. లోతు నీళ్లలో సునామీ గంటకి 600, 700 కిలోమీటర్లు, ఇంచుమించు విమానం వేగంతో పోతుంది, కానీ ఎత్తు మీటరు కూడా ఉండదు, మీ బోటు కింద నుంచి పోయినా మీకు తెలియదు. 2004లో ఉపగ్రహం కొలిస్తే నడి సముద్రంలో అల అర మీటరు పైచిలుకే. ఒడ్డు దగ్గరికొచ్చి లోతు తగ్గాక వేగం తగ్గి, వెనకొచ్చే నీళ్లు ముందువాటి మీద ఎక్కి ఎత్తు పెరుగుతుంది. అందుకే వంద బారల, అంటే ఇంచుమించు 180 మీటర్ల లోతు దాటి ఉంటే భయం లేదు.

కాలర్: మరి జెట్టీలో కట్టేసిన బోటు సంగతి? లక్షల సరుకు సార్ అది.

నిపుణుడు: తెలుసు తమ్ముడూ. టైం నిజంగా ఉంటే, రేవు వాళ్లు తీయమంటే తీయండి. అల వచ్చే గంట దగ్గర పడ్డాక తాడు విప్పడానికి జెట్టీ మీదకి పరిగెత్తొద్దు. హార్బర్ లోపల నీళ్లు గంటల తరబడి అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి, బోటుకీ బోటుకీ మధ్య మనిషి ఇరుక్కుంటే అంతే. ఇన్సూరెన్స్ ఉందా?

కాలర్: ఈ ఏడు కట్టలేదు సార్.

నిపుణుడు: కట్టేయండి. లోపల సెల్ సిగ్నల్ ఉండదు కదా, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ 16వ ఛానల్‌లో పెట్టి ఉంచండి. 'జెమిని' అని చిన్న పరికరం ఉంది, గగన్ ఉపగ్రహం ద్వారా సునామీ, తుఫాను హెచ్చరికలు తీసుకుని బ్లూటూత్‌తో మీ ఫోన్‌లో చూపిస్తుంది. మీ సంఘంలో అడిగి చూడండి, పది బోట్లకి ఒకటి ఉన్నా నయం.

యాంకర్: ఇది అండమాన్ నుంచి వచ్చిన కాల్! శ్రీ విజయపురం, అదే పాత పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. చెప్పు తల్లీ.

కాలర్: నమస్తే అంకుల్. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికొచ్చారు. నేను డిగ్రీ చదువుతున్నా. ఇక్కడ భూమి కదిలితే మా ఫ్రెండ్స్ అందరూ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు, అలర్ట్ వస్తే వెళ్దామని. అది కరెక్టేనా?

నిపుణుడు: తప్పమ్మా. ఇంతసేపూ బందరు వాళ్లకి చెప్పింది మీరు పట్టించుకోవద్దు. మీరు భూకంపం పక్కనే ఉన్నారు. మీ దగ్గరకి అల ఇరవై ముప్పై నిమిషాల్లో రావచ్చు, ఇంకా ముందూ రావచ్చు. అల గంటలోపు చేరే చోట్లకి హెచ్చరిక కేంద్రం కూడా సముద్రపు పరికరాల కోసం ఆగదు, భూకంపం వివరాలు చూసే ఇచ్చేస్తుంది. దానికైనా కొన్ని నిమిషాలు పడుతుంది, మీ టవర్ పనిచేయకపోతే అదీ అందదు. నిలబడలేనంత గట్టిగా ఊగినా, మెల్లగానే కానీ నిమిషం దాటి ఊగుతూనే ఉన్నా, అదే మీకు సైరన్. ఆగిన వెంటనే కొండెక్కేయండి.

సుమత్రా పక్కన సిమెలూ అని దీవి ఉంది. 2004 భూకంపం దాని పక్కనే పుట్టింది. డెబ్బై వేల పైచిలుకు జనం, చనిపోయింది ఏడుగురు. 1907లో వాళ్ల ముత్తాతలు సునామీలో చాలామందిని పోగొట్టుకున్నారు, దాన్ని వాళ్ల భాషలో 'స్మోంగ్' అంటారు. గట్టిగా ఊగాక సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలని పాటల్లో, కథల్లో పిల్లలకి చెప్తూ వచ్చారు. ఆ రోజు ఎవరో ఒకరు "స్మోంగ్" అని అరిచారు, ఊరు ఊరంతా పరిగెత్తింది. యంత్రం లేదు, యాప్ లేదు. మీ కాలేజీలో ఇది చెప్పు తల్లీ, ఏ దారిన కొండెక్కాలో ఒకసారి నడిచి చూసుకోండి.

కాలర్: చెప్తాను అంకుల్, థాంక్యూ.

యాంకర్: భీమిలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు. నమస్తే మాస్టారూ.

కాలర్: నమస్తే. నేను కొంచెం ఎదురు ప్రశ్న వేస్తాను, ఏమీ అనుకోకండి. నా జీవితంలో చూసిన సునామీ ఒక్కటే. దానికి కోట్లు పోసి బోయాలు, సైరన్లు. తుఫాను ఏటా వస్తుంది, ఆ డబ్బు దానికి పెట్టొచ్చు కదా?

నిపుణుడు: అనుకోనండీ, అడగాల్సిన ప్రశ్నే. సైరన్, షెల్టర్, రోడ్డు, ఇవన్నీ రెండిటికీ పనికొస్తాయి, వేరే ఖర్చు కాదు. 1977 దివిసీమ ఉప్పెనలో పది వేల మంది పోయారు, ఇప్పుడు అంతకంటే పెద్ద తుఫానులకి కూడా అంతమంది పోవడం లేదంటే ముందుగా చెప్పి జనాన్ని తరలించడం వల్లే కదా. ఇక బోయాల మాట. అవి ఒక్కసారి పెట్టి వదిలేసేవి కావు. సముద్రంలో తుప్పు పడతాయి, వలలు తగులుకుంటాయి, కొందరు పరికరాలు ఊడదీసుకుపోతారు కూడా. ఇండోనేసియాలో ఏం జరిగిందో చూడండి, 2018 సెప్టెంబర్‌లో పాలూ నగరాన్ని సునామీ ముంచేసరికి వాళ్ల బోయాలు ఏళ్లుగా పనిచేయడం లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో అనక్ క్రకటౌ అగ్నిపర్వతం ఒక పక్క విరిగి సముద్రంలో పడితే భూకంపం లేకుండానే సునామీ వచ్చింది, హెచ్చరికే లేదు, నాలుగు వందల మందికి పైగా పోయారు. అక్కడ బోయాలు బాగుంటే పాలూలో అందరూ బతికేవారని నేను అనను, అల నిమిషాల్లోనే వచ్చింది. కానీ మనలాంటి దూరపు తీరానికి వాటి విలువ చాలా ఎక్కువ.

కాలర్: జపాన్‌లో అన్నీ ఉన్నాయి కదండీ, మరి 2011లో?

నిపుణుడు: ఉన్నాయి. మూడు నిమిషాల్లో హెచ్చరిక ఇచ్చారు. కానీ మొదట చెప్పిన ఎత్తు ఇవాతే, ఫుకుషిమాల్లో 3 మీటర్లు, మియాగీలో 6. వచ్చింది దానికి ఎన్నో రెట్లు. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ ఉంది కదా, మూడు మీటర్లేగా అని ఆగినవాళ్లు ఉన్నారు. అందుకే తర్వాత పద్ధతి మార్చారు, అంత పెద్ద భూకంపం వస్తే మొదట అంకె చెప్పరు, 'భారీ' అని చెప్పి పరిగెత్తమంటారు. మన బులెటిన్లలో కూడా వార్నింగ్ అంటే తీరం ఖాళీ చేయడం, అలర్ట్ అంటే నీళ్లకీ పల్లపు ప్రాంతాలకీ దూరంగా ఉండడం, వాచ్ అంటే తర్వాతి బులెటిన్ కోసం చూడడం. జనం ఈ మూడూ తెలుసుకుంటే చాలు, మీటర్ల లెక్క వాళ్లకెందుకు?

కాలర్: మా ఊళ్లో ఎవరికీ ఈ తేడా తెలియదండీ. స్కూల్లో డ్రిల్లు కూడా నేను చూడలేదు.

నిపుణుడు: ఒడిశాలో చూడండి మాస్టారూ. వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి అని రెండు ఊళ్లు, 2020లో యునెస్కో వాళ్లు 'సునామీ రెడీ' అని గుర్తించారు. ఊరి మ్యాప్, బయటకెళ్లే దారుల బోర్డులు, కమిటీ, డ్రిల్లు అన్నీ ఉంటేనే ఆ గుర్తింపు. మీరు రిటైరయ్యారు, టైం ఉంది, నలుగురిని కూడగట్టి మన దగ్గర కూడా మొదలుపెట్టించండి. నవంబర్ 5 ప్రపంచ సునామీ అవగాహన దినం, స్కూలు డ్రిల్లుకి అది మంచి రోజు.

కాలర్: బాగా ఇరికించారండీ నన్ను. సరే, హెడ్‌మాస్టర్‌తో మాట్లాడతాను.

యాంకర్: టైం రెండు నిమిషాలే ఉంది. నిజాంపట్నం వైపు నుంచి చివరి కాల్, త్వరగా అడగండి అన్నా.

కాలర్: మేడం, మా ఊరి షెల్టర్ మీద సైరన్ ఉంది. మోగి చాలా కాలమైంది. పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు, అడిగితే ఒకరి మీద ఒకరు చెప్తారు. ఎవరికి చెప్పాలి?

నిపుణుడు: నోటితో చెప్పకండి, కాగితం పెట్టండి. పంచాయతీ నుంచి తహసీల్దారుకి ఒకటి, కలెక్టరేట్‌లో విపత్తుల విభాగానికి ఒకటి, రెండిటికీ రసీదు తీసుకోండి. సైరన్ ఫొటో జత చేయండి. "నెలకోసారి ఫలానా రోజు మోగించి చూడాలి" అని అందులోనే రాయండి, లేకపోతే ఒక్కసారి బాగుచేసి మళ్లీ వదిలేస్తారు. ఈలోపు గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట ఎవరు మోగించాలో ఊళ్లో ఇద్దరిని అనుకోండి. ఒక్కరే అయితే ఆ రోజు ఆయన ఊళ్లో ఉండకపోవచ్చు.

యాంకర్: రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబర్ 1070, అత్యవసరమైతే 112, రాసుకోండి. లైన్లో ఇంకా ఉన్నవాళ్లు ఏమనుకోకండి, మీ ప్రశ్నలు రాసుకున్నాం, వచ్చే వారం సార్‌నే మళ్లీ కూర్చోబెడతాం. ఇప్పుడు వార్తలు.