ఏరోలో గంటన్నర కూర్చోనిచ్చిన శాడిల్: ఏడాదిలో మూడు మార్చాక దొరికింది

నమస్తే అండి. ఈ వీడియోని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. సైకిల్ సీటు, అదే శాడిల్, గురించి మాట్లాడబోతున్నాను, కానీ హాల్లో నలుగురి మధ్య స్పీకర్ పెట్టి వినే విషయం కాదు ఇది.

గోవా 70.3 ట్రయాథ్లాన్ కోసం నేను ప్రాక్టీస్ చేస్తున్న సంగతి పాత సబ్‌స్క్రైబర్లకి తెలుసు. ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. సైకిల్‌కి ఏరోబార్లు (ముందుకి వంగి మోచేతులు ఆనించే బార్లు, అలా వంగి తొక్కడాన్నే ఏరో అంటాం) బిగించి, నార్సింగి నుంచి కొల్లూరు వెళ్లే సోలార్ ట్రాక్ మీద పొద్దున ఐదింటికి మొదలుపెట్టేవాడిని. ఒకవైపు 14.5 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు, ఎదురుగా జనం ఉండరు. (ఏడు దాటాక పిల్లలు, ఫ్యామిలీలు వస్తారు. అప్పుడు ఏరోబార్ల మీద వంగకండి, దండం పెడతాను. బ్రేకులు చేతికి దూరంగా ఉంటాయి.)

మొదటి రోజు ఇరవై నిమిషాలకి కింద తిమ్మిరి. "కింద" అంటే ఎక్కడో అర్థమైంది కదా. ముప్పై నిమిషాలకి అసలు ఏమీ తెలియట్లేదు, పూర్తిగా మొద్దుబారిపోయింది. సైకిల్ దిగి, చెట్టు చాటుకి వెళ్లి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాను. నవ్వండి, పర్లేదు. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో చెప్పలేదు, గ్రూపులో అడగలేదు. రెండు నెలల తర్వాత ఒక లాంగ్ రైడ్‌లో, టీ బండి దగ్గర నోరు జారి చెబితే, పక్కనున్న ముగ్గురూ "నాకూ అంతే బ్రో" అన్నారు. మా గ్రూపులో ట్రయాథ్లాన్ చేసే ఒక అక్క అయితే, "మీకు తిమ్మిరితో సరిపోయింది, నాకు వాపు వచ్చి రెండు రోజులు సరిగా కూర్చోలేకపోయాను" అంది. అందరికీ ఉంది, ఎవరూ చెప్పుకోరు. అందుకే ఈ వీడియో.

ఇలా ఎందుకవుతుందో ముందు చూద్దాం, ఎందుకంటే ఇది తెలియకే నేను డబ్బులు తగలేశాను. మామూలుగా నిటారుగా సైకిల్ తొక్కేటప్పుడు మన బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. చేయి కింద పెట్టుకుని కూర్చుంటే గుండ్రంగా గుచ్చుకుంటాయే, అవే, సిట్ బోన్స్. అవి బరువు మోయడానికి పుట్టినవి. ఏరోబార్ల మీద మోచేతులు ఆనించగానే నడుముతో పాటు కటి ఎముక మొత్తం ముందుకి తిరుగుతుంది. సిట్ బోన్స్ శాడిల్ మీద నుంచి లేచిపోతాయి. బరువంతా ముందు వైపుకి, తొడల మధ్య ఉండే మెత్తటి భాగం మీదికి వస్తుంది. నరాలు, రక్తనాళాలు వెళ్లే దారి అదే. శాడిల్ ముక్కు, అంటే ముందుండే సన్నటి మొన, వాటిని నొక్కేస్తుంది. తిమ్మిరి అంటే అక్కడి నరం "నన్ను వదలరా" అని మొత్తుకోవడం. అలవాటవుతుందిలే అని పళ్లు బిగించి తొక్కకండి. దిగాక కూడా చాలాసేపు స్పర్శ రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, యూట్యూబ్‌కి కాదు.

ఏరోబార్లు పాతవే. 1989 టూర్ ది ఫ్రాన్స్ చివరి రోజు గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉండి, 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) వాటితో తొక్కి, మొత్తం టూర్‌ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ తర్వాత ప్రపంచమంతా బార్లు కొనుక్కుంది. కింద మాత్రం నిటారుగా కూర్చునేవాళ్ల కోసం చేసిన సీటే ఉండిపోయింది. నా సైకిల్‌కీ అదే కథ.

ఇక నేను వాడిన నాలుగు. మొదటి మూడింటి కంపెనీల పేర్లు చెప్పను. నాకు పడనిది మీకు పడొచ్చు, ఊరికే ఒకరిని బద్నాం చేయడం ఎందుకు.

మొదటిది సైకిల్‌తో వచ్చిందే. పొడుగు ముక్కు, మధ్యలో కొంచెం లోతు. రోడ్ రైడ్‌లో వంద కిలోమీటర్లు హాయిగా వెళ్లేది. ఏరోలో ఇరవై నిమిషాలు. దీని గురించి ఇంతే.

రెండోది నా తెలివితక్కువతనం. షాపులో "సార్, ఇది సోఫా లెక్క ఉంటది" అన్నాడు. వేలితో నొక్కితే లోపలికి పోయింది, అంత మెత్తన. మందపాటి జెల్. కొన్నాను. పది నిమిషాలకే మొదటిదానికంటే ఘోరం! బరువు పడిన చోట జెల్ అణిగి, పక్కకి జరిగి, మధ్యలోకి ఉబ్బుతుంది. ఎక్కడ తగలకూడదో సరిగ్గా అక్కడే తగులుతుంది. పరుపు మీద నిద్రపోతాం కదా, సీటు కూడా పరుపులా ఉంటే మంచిదే అనుకున్నాను. షాపులో వేలితో నొక్కి చూసే టెస్టు ఏరోకి పనికిరాదు.

మూడోది పొట్టి ముక్కు, మధ్యలో పొడుగాటి రంధ్రం. స్పెషలైజ్డ్ కంపెనీ పవర్ అనే శాడిల్ వచ్చాక ఈ రకం శాడిళ్లు రోడ్ బైకుల మీద బాగా కనిపిస్తున్నాయి. నేను వాడింది వేరే కంపెనీది. ఇది నిజంగా తేడా చూపించింది. నలభై నిమిషాలు నిశ్చింతగా వెళ్లాను. ఆ తర్వాత రంధ్రం అంచులు రెండు వైపులా ఒరిసేవి. మీ బార్లు మరీ కిందికి లేకపోతే, రోడ్ రైడ్లూ ఏరో రైడ్లూ ఒకే సైకిల్ మీద చేస్తుంటే, ఇక్కడే ఆగిపోండి. నాలుగోదానికి వెళ్లక్కర్లేదు.

నాలుగోది ఇదిగో, ఇప్పుడు సైకిల్ మీద ఉన్నది. ఐఎస్ఎం కంపెనీది, పీఎన్ 3.1 మోడల్. పీఎన్ అంటే పర్ఫార్మెన్స్ న్యారో. దగ్గరగా చూడండి, దీనికి ముక్కే లేదు. ముందు వైపు రెండు కొమ్ముల్లా చీలిపోయి ఉంది. మా అమ్మ చూసి "ఇది విరిగిపోయిందేంట్రా" అంది. కటి ఎముక ముందుకి తిరిగినప్పుడు కింద వైపు రెండు ఎముకలు వస్తాయి, అవి ఈ రెండు కొమ్ముల మీద ఆనుతాయి. మధ్యలో ఖాళీ. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు. ధర ఐదంకెల్లో ఉంటుంది, దాచను. సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకోండి, శాడిల్ కింద ఉండే రెండు పట్టాలు (రెయిల్స్) వంగాయో లేదో మాత్రం చూసుకోండి.

ముక్కు లేని సీటు అనే ఆలోచన ట్రయాథ్లాన్ వాళ్లది మాత్రమే కాదు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం మీద పరిశోధనలు చేసే నయోష్ సంస్థ, సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకి ఇలాంటి సీట్లు ఇచ్చి చూసింది. 2008లో వచ్చిన ఆ పరిశోధనలో, తిమ్మిరి లేదన్నవాళ్లు ఆరు నెలల్లో 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. వాళ్లు ఏరోలో తొక్కలేదు, నిటారుగానే. అయినా అంత తేడా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది పెట్టిన మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. తప్పు శాడిల్‌ది కాదు, నాది. పాత సీటు ముక్కు ఎక్కడుందో అదే గీత దగ్గర దీని కొమ్ముల చివరలు పెట్టి బిగించాను. దీని మీద కూర్చునేది దాదాపు ముందు చివరన, కొమ్ముల మీద. అంటే పాతదానికంటే ఇది బాగా వెనక్కి ఉండాలి. నేను ముందుకి పెట్టడంతో, వెనకున్న వెడల్పు భాగం తొడల మధ్యకి వచ్చి ఒరిసి ఒరిసి చర్మం లేచింది. రెండో వారం వెనక్కి జరిపాను. కూర్చునే చోటు మారితే కాలు చాపే దూరం కూడా మారుతుంది, అందుకని ఎత్తు మళ్లీ చూసుకున్నాను, నాకు ఆరు మిల్లీమీటర్లు దించాల్సి వచ్చింది. మీకు వేరుగా ఉంటుంది. పాత సీటు తీసేముందు కొలతలు టేపుతో కొలిచి, సీటు కింది గొట్టం, అదే సీట్‌పోస్ట్, మీద ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టుకోండి.

తర్వాత సీటు వాలు. తాపీ మేస్త్రీల దగ్గర రసమట్టం ఉంటుంది కదా, లేదా ఫోన్లో లెవెల్ యాప్. ముందు సమంగా పెట్టి, ఒక్కో డిగ్రీ కిందికి వంచుతూ వెళ్లాను. రెండు డిగ్రీల దగ్గర బాగుంది. అత్యాశకి పోయి నాలుగు చేస్తే ముందుకి జారిపోతున్నాను, ఆ బరువంతా భుజాల మీద, మోచేతుల మీద. మెడ పట్టేసింది. మళ్లీ రెండుకే వచ్చాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. ఈ సర్దుబాటుకే నాకు మూడు వారాలు పట్టింది. ఇంకా తొడలకి తగులుతుంటే చాలామంది చేసే చిట్కా ఒకటుంది: రెండు కొమ్ములకి కలిపి ఒక జిప్ టై వేసి కొంచెం దగ్గరికి లాగడం. నేనూ వేశాను, ఇదిగో నల్లగా కనిపిస్తోంది. అందం సంగతి వదిలేయండి.

కొనేముందు పట్టాలు చూసుకోండి. మెటల్ పట్టాలు గుండ్రంగా 7 మిల్లీమీటర్లు ఉంటాయి, కార్బన్‌వి చాలావరకు 7×9 కోలగా ఉంటాయి. మీ సీట్‌పోస్ట్ క్లాంప్‌కి ఏది సరిపోతుందో తెలియకుండా కార్బన్ కొంటే ఇంకో ఖర్చు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) రూల్స్‌తో జరిగే టైమ్ ట్రయల్స్‌లో తొక్కేవాళ్లయితే శాడిల్ పొడవు కనీసం 24 సెంటీమీటర్లు ఉండాలని గుర్తుపెట్టుకోండి.

టెస్టు ఎలా చేయాలంటే, ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు మీద. సైకిల్ కదలదు, గుంతలు రావు, లేచి నిలబడే అవసరం రాదు, కాబట్టి శాడిల్‌లో ఉన్న లోపమంతా అక్కడే బయటపడుతుంది. రేసులో వేసుకునే షార్ట్సే వేసుకోండి, ట్రై సూట్ (ట్రయాథ్లాన్‌లో వేసుకునే డ్రెస్) ప్యాడ్ పల్చగా ఉంటుంది. లోపల అండర్‌వేర్ వద్దు, ఇది ఇంకా చాలామందికి తెలియదు. ఏరోలో నలభై నిమిషాలు, రేసులో పెట్టే గట్టి ఎఫర్ట్‌తో. మెల్లగా తొక్కితే కాళ్లు బరువు మోయవు, శాడిల్ మీద భారం పెరిగి, అది నిజంగా ఉన్నదానికంటే చెడ్డగా అనిపిస్తుంది.

నా లెక్క: పోయిన ఆదివారం గంటన్నర ఏరోలో, మధ్యలో నీళ్ల కోసం రెండుసార్లు మాత్రమే లేచాను. తిమ్మిరి లేదు. తొడ లోపల కొంచెం ఎర్రగా అయింది, కొబ్బరినూనె రాశాను. మామూలుగా నిటారుగా తొక్కేటప్పుడు మాత్రం నాకు దీని మీద అంత సుఖం లేదు, అందుకే ఊళ్లో తిరగడానికి దీన్ని వాడను.

మొదటి సీటు నా ఇంకో సైకిల్, రోడ్ బైక్, మీద ఉంది. మూడోది ఫ్రెండ్‌కి ఇచ్చాను. ఆ సోఫా సీటుని మామయ్య తన పాత అట్లాస్ సైకిల్‌కి బిగించుకుని రోజూ పాల కోసం వెళ్తున్నాడు. "ఇంత మంచి సీటు ఎందుకు తీసేశావురా" అని నన్నే తిడుతున్నాడు.